పాకిస్తానీ ఉర్దూ డ్రామా మొదటిసారి చూస్తున్నారా? ఇలా మొదలుపెట్టండి

ముందుగా ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఈ డ్రామాల్లో పెళ్లయ్యాకే అసలు కథ మొదలవుతుంది. హీరో ఎప్పుడు ప్రేమిస్తున్నానంటాడా అని ఎదురుచూస్తూ కూర్చుంటే సగం డ్రామా మీకు అందదు, ఎందుకంటే ఆ ప్రేమంతా అత్తగారింట్లో నలుగురూ కూర్చున్నప్పుడు భార్య తరఫున ఎవరు మాట్లాడారు, ఎవరు నోరు మెదపలేదు అన్న దగ్గరే తేలుతుంది.

మొదట ఏది చూడాలంటే, నేనైతే జిందగీ గుల్జార్ హై అంటాను. 2012లో హమ్ టీవీలో మొదలైంది, మొత్తం 26 ఎపిసోడ్లు. మన సీరియళ్లలా ఏళ్ల తరబడి సాగదు. ముగ్గురూ ఆడపిల్లలే పుట్టారని హీరోయిన్ కషఫ్ తండ్రి ఆమె తల్లిని పక్కనపెట్టి ఇంకో పెళ్లి చేసుకుంటాడు, తల్లి టీచరు ఉద్యోగం చేస్తూ పిల్లల్ని చదివిస్తుంది. అదంతా చూస్తూ పెరిగిన అమ్మాయి ఇంకో మగాణ్ని, అదీ డబ్బున్న ఇంటి జారూన్‌ని, నమ్మడం అంత తేలికా? ఇద్దరికీ డైరీ రాసే అలవాటు. ఒకే సంఘటన ఆమె డైరీలో ఒకలా, అతని డైరీలో ఇంకోలా వినిపిస్తుంది, ఆ చోట్ల మాత్రం ఫోన్ పక్కన పెట్టేయండి. కషఫ్‌గా చేసిన సనమ్ సయీద్ మొహంలో ఏమీ కదలదు, గొంతులో మాత్రం అంతా తెలిసిపోతుంది.

వరసల దగ్గర మనవాళ్లు బాగా తికమకపడతారు. తాయా అంటే పెదనాన్న, చాచా బాబాయి, ఫుప్పో మేనత్త, ఖాలా అమ్మ తోడబుట్టింది, మామూ మేనమామ. మేనరికం మనకి కొత్త కాదు, కానీ అక్కడ తాయా కొడుకుని, ఖాలా కొడుకుని కూడా చేసుకుంటారు, మన లెక్కలో వాళ్లు అన్నదమ్ములవుతారు! మొదట్లో ఇబ్బందిగా అనిపిస్తుంది, అయినా దాన్ని దాటి చూడండి, ఎందుకంటే కథలో సగం టెన్షన్ అక్కడిదే. ఆ పెళ్లి చెడితే అన్నదమ్ముల మధ్యే గోడ లేస్తుంది. అత్తగారే పెద్దమ్మ అయినప్పుడు, పుట్టిల్లూ అదే ప్రహరీలో ఉన్నప్పుడు, అలిగిన పిల్ల ఎక్కడికి పోతుంది?

ఇక పెళ్లి సంగతి. నికాహ్ వేరు, రుఖ్సతీ వేరు. నికాహ్‌తో పెళ్లయిపోయినట్టే, కానీ అమ్మాయిని అత్తారింటికి పంపే రుఖ్సతీ నెలల తర్వాత కూడా జరగొచ్చు, ఆ మధ్య కాలం రచయితలకి బంగారు గని. నికాహ్‌నామా మీద సంతకాల సీన్ వస్తే ముందుకి జరపకండి. అందులో భర్త ఇవ్వాల్సిన మెహర్ ఎంతో రాస్తారు, భార్యకి తలాక్ హక్కు ఇచ్చాడా లేదా అని 18వ కాలమ్ కూడా ఉంటుంది, దాన్ని ఇంటి పెద్దలు గీత పెట్టి కొట్టేయడం నిజ జీవితంలోనూ ఉన్నదే.

డ్రామాలో భర్త కోపంలో మూడుసార్లు తలాక్ అనగానే అంతా అయిపోయినట్టు చూపిస్తారు. అక్కడి చట్టం అలా లేదు, 1961 నాటి ముస్లిం కుటుంబ చట్టాల ఆర్డినెన్స్ ప్రకారం యూనియన్ కౌన్సిల్‌కి, అంటే అక్కడి స్థానిక పాలక సంస్థకి, నోటీసు వెళ్లాలి, ఆ తర్వాత 90 రోజులు గడవాలి. భార్య విడిపోవాలనుకుంటే ఖులా కోసం ఫ్యామిలీ కోర్టుకి వెళ్లొచ్చు. ఇవి తెలిసి చూస్తే, ఏ పాత్రకి దారి ఉండి కూడా ఎవరూ చెప్పలేదో మీకే కనిపిస్తుంది.

చెంపదెబ్బని, బలవంతాన్ని ప్రేమగా చూపించే డ్రామాలూ తక్కువేం లేవు. మొదటి నాలుగైదు ఎపిసోడ్లలో హీరో చెయ్యి మెలితిప్పి మాట్లాడుతుంటే, వెనక మెత్తని పాట వస్తుంటే, ఆపేయండి. అలాంటిదానికి మీ సాయంత్రాలు ఇవ్వక్కర్లేదు.

భాషకి భయపడకండి, హిందీ సినిమా అర్థమయ్యేవాళ్లకి రెండు మూడు ఎపిసోడ్లలో చెవి అలవాటు పడుతుంది. దొరకడమే కష్టం. 2025 మేలో పాకిస్తానీ కంటెంట్ ఆపేయమని కేంద్రం ఓటీటీలకు చెప్పింది, కాబట్టి బయటి దేశాల్లో ఉన్న మనవాళ్లకే ఇప్పుడు సులువు. వాళ్లు రెండోదిగా 2024లో వచ్చిన కభీ మై కభీ తుమ్ చూడొచ్చు. పెళ్లికొడుకు చివరి నిమిషంలో తప్పుకుంటే అతని తమ్ముడికిచ్చి చేస్తారు, ఆ ఇద్దరూ అద్దె ఇంట్లో డబ్బుకి తడుముకుంటూ ఒకరినొకరు తెలుసుకునే ఎపిసోడ్లు నిదానంగా చూడండి.