పట్టాల పని నేర్చుకుందాం – 3వ పాఠం: గేజి

గత రెండు పాఠాల్లో పట్టా, దాని కింద అడ్డంగా వేసే స్లీపరు, కంకర ఏ పని చేస్తాయో చూశాం. లైను మీద కాలు పెట్టే ముందు ఎవరి అనుమతి తీసుకోవాలి, లుకౌట్‌గా నిలబడే మనిషి ఏం చేయాలి అన్నదీ చెప్పుకున్నాం. ఈసారి గేజి, అంటే రెండు పట్టాల మధ్య దూరం. వారసత్వ రైల్వేల్లో, అంటే పాతకాలపు రైళ్లను కాపాడి నడిపే లైన్లలో, వాలంటీర్‌గా చేరినవాళ్ల చేతికి సాధారణంగా మొదట పార, తట్ట వస్తాయి. నన్నడిగితే మొదట ఇవ్వాల్సింది ఆ దూరాన్ని కొలిచే గేజి కర్ర. కొలవడం వచ్చిన మనిషి, తర్వాత పార పట్టినా ఎందుకు పట్టాడో తెలిసి పడతాడు.

ఈ పాఠానికి వేల్స్‌లోని టాలిలిన్ రైల్వేకు మించిన ఉదాహరణ లేదు. వాలంటీర్లు చేతుల్లోకి తీసుకుని నడిపిన రైల్వేల్లో ప్రపంచంలోనే మొదటిది అదే. బ్రిన్ ఎగ్లూయిస్ గనిలో తీసిన పలకరాయిని టవిన్ పట్టణానికి దింపడానికి 1865లో ఆ లైను వేశారు. గేజి 2 అడుగుల 3 అంగుళాలు, అంటే 686 మి.మీ. మన డార్జిలింగ్ లైను గేజి 610 మి.మీ., మనం రోజూ ఎక్కే బ్రాడ్‌గేజి 1,676 మి.మీ. 1946లో గని మూతపడింది. యజమాని సర్ హేడన్ జోన్స్ మాత్రం తాను బతికున్నంత కాలం రైలు ఆపనివ్వలేదు. 1950లో ఆయన పోయాక, ఆ అక్టోబరులోనే టామ్ రోల్ట్, ఇంకొందరు బర్మింగ్‌హామ్‌లో సమావేశమై ఒక సంఘం పెట్టుకున్నారు. 1951 మే 14న ఆ సంఘం మొదటి రైలు కదిలింది. అప్పటికి పట్టాలు గడ్డిలో మునిగిపోయి ఉన్నాయి. నడవగలిగిన ఇంజను డోల్‌గోఖ్ ఒక్కటే.

ఒక్క ఇంజనుతో ఎన్నాళ్లు? దగ్గర్లోనే 1948లో మూతపడిన కోరిస్ రైల్వేది కూడా ఇదే 2 అడుగుల 3 అంగుళాల గేజి. అక్కడి రెండు ఇంజన్లను 1951లో కొని తెచ్చారు. వాటిలో మూడో నంబరుకు సర్ హేడన్ అని పేరు పెట్టి లైను మీదికి దించారు. కాగితం మీద రెండు రైల్వేల గేజి ఒకటే అయినా, ఆ ఇంజను మాటిమాటికీ పట్టాల మధ్యకు దిగిపోయింది. కొలిచి చూస్తే టాలిలిన్ పట్టాలు అసలు గేజి కంటే దాదాపు అర అంగుళం, అంటే 13 మి.మీ. ఎడంగా ఉన్నాయి. అది నిర్లక్ష్యం వల్ల వచ్చింది కాదు. డోల్‌గోఖ్ అనే ఆ పాత ఇంజనుకు ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య దూరం ఎక్కువ. అది వంపుల్లో బిగుసుకోకుండా తిరగాలని పాత కంపెనీ వాళ్లు తెలిసే అలా వేశారు. ఆ రైల్వే సొంత ఇంజన్లకు వెడల్పు చక్రాలు కాబట్టి ఇబ్బంది రాలేదు. కోరిస్ ఇంజన్ల చక్రాలు సన్నవి.

ఇది లెక్కలో ఎలా ఉంటుందో చూద్దాం. కింది అంకెలు అభ్యాసం కోసం నేను అనుకున్నవి, ఏ ఇంజనువీ కావు. చక్రానికి లోపలి వైపు పొడుచుకొచ్చిన అంచు ఫ్లాంజ్. దాని మందం 20 మి.మీ. అనుకోండి. ఒకే ఇరుసు మీది రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య 640 మి.మీ. దూరం ఉంది. ఒక్కో చక్రం మొత్తం వెడల్పు 90 మి.మీ. ఎడమ ఫ్లాంజ్ ఎడమ పట్టాను ఆనుకున్నప్పుడు, కుడి చక్రం బయటి అంచు ఆ పట్టా నుంచి 20 + 640 + 90, అంటే 750 మి.మీ. దూరంలో ఉంటుంది. గేజి 686 అయితే కుడి చక్రానికి పట్టా మీద 64 మి.మీ. ఆధారం దొరికింది. గేజి 13 మి.మీ. పెరిగి 699 అయితే 51 మిగిలింది. ఫర్వాలేదు. ఇప్పుడు 70 మి.మీ. వెడల్పున్న సన్న చక్రం పెట్టండి. అదే 699 దగ్గర ఆధారం 31కి పడిపోయింది. ఒక స్లీపరు కుళ్లిన చోట గేజి ఇంకో 20 మి.మీ. విచ్చుకుంటే, వెడల్పు చక్రానికి ఇంకా 31 మిగులుతుంది, సన్న చక్రానికి 11 మాత్రమే. ఇంజను బరువుకు పట్టా కాస్త బయటికి వాలిందంటే ఆ 11 కూడా ఉండదు.

అందుకే గేజిని ఒంటరి అంకెగా చూడొద్దు. దాని మీద నడిచే చక్రంతో కలిపి చూడండి. ఏ వారసత్వ రైల్వేలో చేరినా, అక్కడ గేజి ఎంత, ఎంతవరకు స్లాక్ ఒప్పుకుంటారు, వంపుల్లో ఎంత అదనం ఇస్తారు అన్నది ఆ లైను ఇన్‌ఛార్జ్‌ను అడిగి నోటుబుక్కులో మొదటి పేజీలో రాసుకోండి. మన రైల్వే గ్యాంగులు వాడే మాటలే మనమూ వాడదాం: ఉండాల్సిన దానికంటే ఎక్కువైతే స్లాక్, తక్కువైతే టైట్.

ఇక కొలత. రెండు పట్టాల తలల లోపలి ముఖాల మధ్య కొలవాలి. అది కూడా పైఅంచు దగ్గర కాదు. అక్కడ తల గుండ్రంగా ఉంటుంది. ఫ్లాంజ్ వచ్చి తగిలే చోట, కొంచెం కిందకు కొలవాలి. బ్రిటన్ పెద్ద లైన్లలో పైభాగం నుంచి 14 మి.మీ. కింద కొలుస్తారు. గేజి కర్ర చివరన ఉండే కొక్కేలు ఆ లోతుకే చేసి ఉంటాయి. పాత పట్టాల తల నలిగి లోపలి వైపు పెదవిలా ఇనుము సాగి ఉంటే, ఆ పెదవి మీద కాకుండా దాని కింద కొలవండి.

ఒక కొక్కేన్ని ఒక పట్టాకు గట్టిగా ఆనించి పట్టుకోండి. రెండో చివరను పట్టా వెంట ముందుకూ వెనక్కూ మెల్లగా జరపండి. అంకె తగ్గుతూ వచ్చి మళ్లీ పెరుగుతుంది. అన్నిటికంటే తక్కువ వచ్చిన అంకే గేజి. కర్ర వంకరగా ఉంటే ఎప్పుడూ ఎక్కువే చూపిస్తుంది. 686 గేజిలో ఒక చివర 50 మి.మీ. పక్కకు జరిగినా దాదాపు 2 మి.మీ. తప్పు వస్తుంది. కొత్తవాళ్లు స్లాక్ అని రాసిన చోట్లలో ఇలా వచ్చినవి చాలా ఉంటాయి.

తిన్నగా ఉన్న లైనులో నాలుగేసి స్లీపర్లకు ఒకసారి కొలిస్తే మొదటి పరిశీలనకు సరిపోతుంది. వంపుల్లో, రెండు పట్టా ముక్కలను కలిపే ఫిష్‌ప్లేట్ల దగ్గర ప్రతి స్లీపరూ కొలవండి. సుద్దతో స్లీపరు మీద నంబరు వేసి, తేడాను ప్లస్ 4, మైనస్ 2 అన్నట్టు రాయండి. ఒక్కో అంకె ఎంతుందో చూడటంతో పని అయిపోదు, పక్క అంకెకూ దానికీ తేడా చూడాలి. 10 మి.మీ. స్లాక్ పొడవునా సమానంగా ఉన్న చోటు కంటే, రెండు స్లీపర్ల మధ్య హఠాత్తుగా 10 పెరిగిన చోటే నాకు ఎక్కువ భయం.

ఇంకొకటి. మీరు కొలిచేది రైలు లేనప్పటి గేజి. రైలు వచ్చినప్పుడు పట్టా ఎంత కదులుతుందో స్లీపరే చెబుతుంది. పట్టా అడుగు పక్కన మెరిసే గీత ఉందా, స్క్రూ తల కింద ఖాళీ ఉందా చూడండి. ఉంటే ఆ కదలికను కూడా మీ అంకెకు కలపండి. గడ్డి దట్టంగా పెరిగిన లైనులో అయితే గడ్డి పీకకముందు ఒకసారి, పీకాక ఒకసారి కొలవండి; పట్టాలను కదలకుండా పట్టి ఉంచింది ఆ గడ్డే కావచ్చు.

సరిచేసే ముందు కారణం పట్టుకోవాలి. చెక్క కుళ్లి స్క్రూ పట్టు వదిలిందా? వంపులో బయటి పట్టా తల అరిగిందా? అరిగిన పట్టాను లోపలికి లాగితే అంకె సరిపోతుంది గానీ జబ్బు అలాగే ఉంటుంది. స్లీపరు చివర్లో గడ్డపార మొన గుచ్చి చూడండి. మెత్తగా దిగితే స్లీపరే మార్చాలి.

చెక్క గట్టిగా ఉంటే పని ఇలా సాగుతుంది. ముందు ఒక పట్టాను ఆధారంగా తీసుకోవాలి. వంపులో అది బయటి పట్టా. తిన్నని లైనులో అయితే, రెండింటిలో చూపుకు వంకర లేకుండా ఉన్నది. ఆ పట్టా వరుస సరిగా ఉందని చూసుకున్నాకే రెండోదాన్ని విప్పండి. వరుస తప్పిన పట్టాకు గేజి సరిచేస్తే రెండు పట్టాలూ కలిసి వంకరపోతాయి. రెండో పట్టా స్క్రూలు తీసి, పాత రంధ్రాల్లోకి గట్టి చెక్కతో చేసిన మేకులు దిగ్గొట్టి పూడ్చండి. ఆ ఖాళీల్లోకి నీళ్లు పోతే చెక్క లోపలి నుంచి కుళ్లుతుంది. గేజి కర్ర పెట్టి, గడ్డపారతో పట్టాను మెల్లగా జరపండి. అంకె కుదిరాక గడ్డపార వదలకుండా ఒకరు పట్టుకుంటే ఇంకొకరు కొత్త రంధ్రం వేయాలి. పట్టాకు ఇరువైపులా వేసే రంధ్రాలు చెక్క పోగు వెంట ఒకే గీత మీదికి రాకూడదు, స్లీపరు చీలుతుంది. స్క్రూ బిగుస్తున్నప్పుడు పట్టా కొంచెం లాక్కుంటుంది కాబట్టి బిగించాక మళ్లీ కొలవండి.

పక్కపక్క స్లీపర్లను ఒకేసారి విప్పవద్దు. ఒకటి బిగించాకే దాని పక్కది. ఎండ బాగా ఉన్న రోజు ఈ పని అసలే వద్దు. వేడికి సాగిన పట్టా, పట్టు వదలగానే పక్కకు ఉబుకుతుంది. వారసత్వ రైల్వేలు పెద్ద పనులన్నీ ప్రయాణికుల రద్దీ ఉండని చలికాలానికి పెట్టుకోవడం ఈ విషయంలో కూడా మేలే.

టాలిలిన్‌లో చివరికి ఏం చేశారంటే, లైను మొత్తాన్ని అసలు గేజికి మళ్లీ వేసుకుంటూ పోయారు. పాత ఇంజను మాట ఏమిటి? దాని ఇరుసులు పక్కకు కొంచెం కదిలేలా మార్చారు. పట్టాలనూ చక్రాలనూ రెండింటినీ సరిచేశారన్నమాట. నాకు ఆ వాలంటీర్ల మీద గౌరవం పెరిగింది ఇక్కడే. ఒక ఇంజనును మూలన పెట్టేసి ఊరుకోవడం చాలా తేలిక.

ఇంటి దగ్గర సాధన: రెండు తిన్నని చెక్క బద్దలను ఇటుకల మీద సమాంతరంగా పెట్టి, ఒక అల్యూమినియం పట్టీకి కొక్కేలు బిగించి గేజి కర్ర చేసుకోండి. కొలత సాధనకు అది చాలు. ఊరి పక్కన రైలు పట్టాల మీదికి మాత్రం వెళ్లవద్దు. అనుమతి లేకుండా వెళ్లడం ప్రాణాలకే ప్రమాదం, రైల్వే చట్టం 147వ సెక్షన్ కింద నేరం కూడా.

కాగితం మీద ఒక లెక్క. 686 గేజి లైనులో ఐదు పక్కపక్క స్లీపర్ల దగ్గర 688, 690, 697, 704, 691 వచ్చాయి. ముందు ఏది విప్పుతారు? నా జవాబు: వెంటనే ఏదీ విప్పను. నాలుగోదాని చెక్క గుచ్చి చూస్తాను, ఆధార పట్టా వరుస చూస్తాను. రెండూ బాగుంటే నాలుగోది సరిచేసి, బిగించి, మూడోది మళ్లీ కొలుస్తాను. నాలుగోది లోపలికి వచ్చాక మూడో అంకె చాలావరకు తనంతట తానే తగ్గుతుంది.

వచ్చే పాఠం రెండు పట్టాల ఎత్తు తేడా గురించి. రసమట్టం ఒకటి దగ్గర పెట్టుకోండి.