ఆంథనీ కెన్నీని ఎలా చదవాలి: దేవుడి అధ్యాయానికి దూకకండి

మొన్న నల్గొండ క్లాక్ టవర్ దగ్గర చాయ్ తాగుతుంటే ఇంగ్లీషు తత్వవేత్త ఆంథనీ కెన్నీ గురించి డిగ్రీ కుర్రాడొకడు అడిగాడు, "సార్, ఈయన దేవుడు ఉన్నాడంటాడా లేడంటాడా, ఒక్క ముక్కలో చెప్పండి" అని. నేనూ అక్కడే బోల్తా పడ్డాను. ఆయన పాశ్చాత్య తత్వశాస్త్ర చరిత్ర నాలుగు సంపుటాలు (2004–2007), ప్రతిదాని చివరా దేవుడి మీద ఒక అధ్యాయం, నేరుగా అక్కడ తెరిచి ఏమీ ఎక్కక మూసేశాను.

ముందు మనిషి గురించి తెలుసుకోండి, పది నిమిషాలు చాలు. 1931లో లివర్‌పూల్‌లో పుట్టాడు, రోమ్‌లో చదివి 1955లో కాథలిక్ ఫాదర్ అయ్యాడు, 1963లో ఆ పని వదిలేశాడు. తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో పాఠాలు, 1978 నుంచి 1989 దాకా బేలియల్ కాలేజీకి పెద్ద. 1969లో దేవుడు ఉన్నాడనడానికి మధ్యయుగపు కాథలిక్ తత్వవేత్త అక్వైనస్ చెప్పిన ఐదు రుజువులనూ ఒక్కొక్కటిగా పరీక్షించి ఏదీ నిలబడదని పుస్తకం రాశాడు, అయినా అక్వైనస్‌ను మాత్రం వదల్లేదు, జీవితమంతా గౌరవంగా చదువుతూనే వచ్చాడు. నాకు నచ్చింది ఇదే.

ఇక మాట దగ్గర జాగ్రత్త. కెన్నీ తనను అగ్నాస్టిక్ అంటాడు, దాన్ని అజ్ఞేయవాది అని మనం రాసేస్తాం గానీ అజ్ఞేయం అంటే ఎవరికీ తెలియరానిది అని. కెన్నీ అంత దూరం పోడు. దేవుడు ఉన్నాడో లేడో నాకు తెలియదు, ఎవరికైనా తెలియొచ్చేమో, తెలియడం కుదరదనీ నేను రుజువు చేయలేను, ఇంతే ఆయన అనేది. నాస్తికుడు అని కూడా రాయకండి, పాత వాడుకలో అది వేదాన్ని ఒప్పుకోనివాడు, ఆ లెక్కన మన ఫణిగిరి గుట్ట మీద స్తూపం కట్టిన బౌద్ధులు కూడా నాస్తికులే.

చదివే వరుస ఇది. ప్రతి సంపుటంలో మొదటి అధ్యాయాలు కథలా నడుస్తాయి, ఎవరి తర్వాత ఎవరో చెబుతాయి. వాటిని పెన్సిల్ లేకుండా వేగంగా చదివేయండి. ఆ తర్వాత తర్కం, జ్ఞానం, మనసు, నీతి ఇలా విషయాలవారీగా ఉంటుంది. అందులో ఒక్క విషయం పట్టుకుని నాలుగు సంపుటాల్లోనూ వరుసగా లాగండి. మనసు–ఆత్మ అయితే అరిస్టాటిల్‌తో మొదలై అక్వైనస్, డెకార్ట్, విట్గెన్‌స్టైన్ దాకా ఒకే వాదులాటలా కనిపిస్తుంది. ఎవరి వాదన చదివినా మీ నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయండి, ఆ మనిషే చూసినా "అవును, నేనన్నది ఇదే" అనేటట్టు. విమర్శ పక్క పేజీలో.

దేవుడు ఉన్నాడో లేడో తెలియనివాడు ప్రార్థన ఎందుకు చేస్తాడని అడిగితే, నడిసముద్రంలో కొట్టుకుపోతున్నవాడు, గుహలో ఇరుక్కున్నవాడు ఎవరైనా వింటారో లేదో తెలియకుండానే కేక వేయడా అంటాడు కెన్నీ. మా దగ్గరైతే పాడుబడ్డ బావిలో పడ్డవాడు అనుకోండి.

అన్నట్టు, మొదటి సంపుటంలో తర్కం అధ్యాయం దగ్గర నేను రెండుసార్లు ఆగిపోయాను. టెన్షన్ పడకుండా దాటేయండి, మూడో సంపుటం అయ్యాక వెనక్కి రావచ్చు.