వడదెబ్బ నుంచి పెంపుడు కుక్కను కాపాడుకోవడం

కుక్కకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. నాలుక చాచి రొప్పడమే వేడిని వదిలించుకునే ప్రధాన మార్గం కాబట్టి, చప్పిడి ముక్కు ఉండే పగ్ వంటి జాతులకు రోహిణి కార్తె ఎండలు మరింత ప్రమాదకరం. తెల్లవారుజామున గానీ పొద్దుగూకాక గానీ మాత్రమే నడకకు తీసుకెళ్లాలి. అప్పుడైనా తారురోడ్డుపై ఐదారు సెకన్లు మీ అరచేయి ఆనించలేకపోతే దాని పాదాలూ కాలుతాయి. ఆపిన కారులో, అద్దాలు కాస్త దించినా సరే, వదలకూడదు.

చిక్కటి చొంగ కారుతూ, చిగుళ్లు ఎర్రబడి, కాళ్లు తడబడుతుంటే వడదెబ్బేనని అనుమానించాలి. వెంటనే నీడకు చేర్చి, పొట్ట, గజ్జలు, పాదాలపై చల్లని నీళ్లు పోస్తూ ఫ్యాను గాలి తగలనివ్వాలి; తడి తువ్వాలు కప్పి వదిలేస్తే వేడి లోపలే నిలుస్తుంది. స్పృహ తప్పితే నోట్లో నీళ్లు పోయకూడదు. తేరుకున్నట్టు కనిపించినా పశువైద్యుడికి చూపించి తీరాలి, ఎందుకంటే మూత్రపిండాలు దెబ్బతిన్న సంగతి ఒకటి రెండు రోజుల తరువాత గానీ బయటపడకపోవచ్చు.