అంఫోరా పెంకుకి కార్డు రాసేదెలా

అంఫోరా అంటే రోమన్ల కాలంలో వైన్, నూనె లాంటివి పంపిన రెండు పిడుల మట్టికూజా. తవ్వకంలో దాని పెంకు చేతికి రాగానే ఇది ఫలానా రకమని పేరు పెట్టేయకండి. ముందు కార్డు మీద అది దొరికిన గుంత నంబరు, మట్టిపొర నంబరు రాయండి. అవి పోతే అది రోమన్‌దైనా మా అమ్మమ్మ పప్పుకుండదైనా ఒకటే.

కడిగేటప్పుడు లోపలివైపు జాగ్రత్త. మొదటి ఏడాది నేను లోపలి నల్లమరకని మురికనుకుని టూత్‌బ్రష్‌తో శుభ్రంగా తోమేశాను. తీరా చూస్తే అది వైన్ ఇంకిపోకుండా పూసిన పైన్ జిగురు!

మూతి అంచుముక్క అయితే బల్లమీద బోర్లించి, కింద సందులోంచి వెలుతురు కనబడకుండా పోయేదాకా అటూ ఇటూ వంచండి. అదే అసలు వాలు. తర్వాత వృత్తాలు గీసిన కాగితం మీద పెట్టి వ్యాసం చూడండి. ముక్క మరీ చిన్నదైతే అంకె పక్కన ప్రశ్నార్థకం పెట్టండి, సిగ్గేం లేదు.

రంగుకి 'ఇటుకరంగు' అనొద్దు, మీ ఇటుకా నా ఇటుకా ఒకటి కాదు. నీడలో మన్సెల్ చార్టు (ఒక్కో రంగుకి ఒక్కో నంబరిచ్చిన పట్టిక) పక్కన పెట్టి చూడండి.

అసలు కథ మట్టిలో ఉంటుంది. తాజాగా విరిగిన చోట భూతద్దం పెట్టండి. ఇటలీలో వెసూవియస్ చుట్టుపక్కల చేసినవాటిలో మిరియాలపొడి చల్లినట్టు నల్లటి రేణువులు మెరుస్తాయి, అగ్నిపర్వతపు ఇసుక అది. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లోనూ అలాంటివి దొరికాయి.

పేరు చివర్లో. నా కార్డొకటి (చివర ఉన్న డ్రెసెల్ 2-4 రోమన్ అంఫోరాల్లో ఒక రకం): "మెడ, పిడి ముక్క. పిడి రెండు పాయలు జంటగా అతికినట్టుంది. గోడ మందం 11 మి.మీ. నల్ల రేణువులు ఎక్కువ. లోపల పూత ఆనవాళ్లు. వైన్ అంఫోరా, డ్రెసెల్ 2-4 కావచ్చు."