తుంటి ఆపరేషన్ అయ్యాక తిమ్మిరి దిగే వేళ జాగ్రత్త

తుంటి కీలు మార్పిడి అయిన సాయంత్రం చాలామంది "అసలు నొప్పే లేదే" అంటారు. ఆ ధీమాతో మాత్ర వద్దంటే అర్ధరాత్రి తిప్పలు తప్పవు. ఆపరేషన్ చేస్తూనే కీలు చుట్టూ రోపివకైన్, బుపివకైన్ లాంటి తిమ్మిరి మందు ఎక్కిస్తారు, లేదంటే గజ్జ దగ్గర నరాలకు బ్లాక్ (వాటిని మొద్దుబార్చే ఇంజెక్షన్) ఇస్తారు. ఆ హాయి అంతా దానిదే. మందునీ మోతాదునీ బట్టి కొన్ని గంటల నుంచి దాదాపు ఒక రోజు దాకా ఉంటుంది. బ్లాక్ దిగాక కొందరికి నొప్పి ఒక్కసారిగా విరుచుకుపడుతుంది.

అందుకే "ఇది ఎన్ని గంటలకు దిగొచ్చు?" అని మత్తు డాక్టర్‌ని ముందే అడిగి రాసిపెట్టుకోండి. రాసిచ్చిన మాత్ర ఆ వేళకు ముందే కడుపులో పడాలి. నొప్పి ముదిరాక అణచడం కష్టం. పారాసిటమాల్ పెద్దవాళ్లకైనా రోజుకు 4 గ్రాములు దాటకూడదు. బరువు తక్కువున్నా, కాలేయం దెబ్బతిన్నా ఇంకా తగ్గిస్తారు. ట్రమడాల్ అనే నొప్పి మందు కలిపిన మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉండొచ్చు, అట్ట మీద చూసుకోండి. ఇంట్లో మిగిలిన డైక్లోఫెనాక్ నొప్పి మాత్ర డాక్టర్‌ని అడగకుండా వేసుకోవద్దు. రక్తం పలచబరిచే మందుతో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది, మూత్రపిండాలకూ మంచిది కాదు.

నన్నడిగితే నొప్పికన్నా భయపడాల్సింది పడిపోవడానికి. బ్లాక్ వల్ల తొడ కండరం పట్టు తప్పి, నిలబడగానే మోకాలు మడతపడిపోవచ్చు. నొప్పి లేదు కదా అని ఒంటరిగా బాత్రూమ్‌కి బయల్దేరేవాళ్లే ఎక్కువ ప్రమాదంలో ఉంటారు. మొహమాటపడకుండా నర్సును పిలవండి, వాకర్ పట్టుకోండి. మొద్దుబారిన చోట వేడినీళ్ల సంచి పెట్టొద్దు, కాలినా తెలీదు. ఐస్ అయితే గుడ్డ చుట్టి కాసేపే. మడమ ఒకేచోట ఒత్తుకుపోకుండా ఎవరైనా చూస్తుండాలి.

తిమ్మిరి మందు ఎక్కించిన తొలి గంటల్లో పెదాల చుట్టూ చిమచిమలు, నోట్లో లోహపు రుచి, చెవుల్లో హోరు మొదలైతే వెంటనే చెప్పండి. మందు రక్తంలో ఎక్కువైందనడానికి అవి గుర్తులు కావచ్చు.

ఇంటికొచ్చాక పిక్క వాచి నొప్పెట్టినా, ఆయాసం వచ్చినా, గాయం ఎర్రబడి చీము కారినా ఆలస్యం చేయొద్దు. ఉన్నట్టుండి భరించలేని నొప్పి పుట్టి కాలు పొట్టిగా, పక్కకు తిరిగినట్టు కనిపిస్తే కీలు జారి ఉండొచ్చు. కాలు లాగి సరిచేయబోకుండా, మనిషిని కదపకుండా అంబులెన్స్ పిలవండి.