మురుగుకు డబ్బు అడిగే ముందు కార్తీకంలో ఒక గుంత తవ్వండి

2021లో వార్డు మెంబరుగా నిలబడ్డాను. నిలబడ్డ కారణం ఒక్కటే. మా ఊరి సైడు కాలువల నీళ్లు మూడు చోట్ల ఊరు దాటతాయి, అందులో పెద్దది సరాసరి నా నారుమడిలోకి వస్తుంది. మాది కోవూరు అవతల, పెన్నా కాలువల కింద వరి పండే పల్లె. జనాభా 2,400. గెలిచాక ఈ మురుగును శుద్ధి చేయించే పని వెంట తిరిగి నేర్చుకున్నది, చేసిన తప్పులతో సహా రాస్తున్నాను. మీ ఊళ్లో ఎవరైనా ఈ పని నెత్తికెత్తుకుంటే చూపించండి.

మొదటి తప్పు ఇంకుడు గుంతలే. మంచి మే నెలలో ఉపాధి హామీ కూలీలతో కుళాయిల దగ్గర మీటరు పొడవు, మీటరు వెడల్పు, మీటరు లోతున గుంతలు తవ్వించి రాళ్లు నింపాం. జూన్, జులైలో బ్రహ్మాండంగా పనిచేశాయి. నవంబరులో తుపాను వాన పడ్డ మూడో రోజు వాటిలోంచి నీళ్లు పైకి రావడం మొదలైంది. మా వీధి పెద్దమ్మ గట్టున నిలబడి, “అబ్బయ్యా, ఇది ఇంకే గుంతా, ఊరే గుంతా?” అంది. నాలుగు రోజులు ఊళ్లో తలెత్తుకోలేకపోయాను. అంచనా వేసినాయన మాత్రం మళ్లీ ఆ వీధికి రాలేదు.

తప్పు గుంతది కాదు, కాలానిది. నెల్లూరుకు వానలు ఎక్కువగా అక్టోబరు, నవంబరు, డిసెంబరుల్లోనే. డెల్టాలో ఆ నెలల్లో చెయ్యి పెడితే తగిలేంత పైకి వస్తుంది నేల నీరు. గుంత అడుగుకూ నేల నీటికీ మధ్య కనీసం ఒకటిన్నర, రెండు మీటర్ల మన్ను ఉండాలి. అంటే మీటరు లోతు గుంతకు దాదాపు పది అడుగుల దాకా నీళ్లు తగలకూడదు. మాకు నాలుగు అడుగులకే తగిలాయి. కాబట్టి ఏ పథకం పేరూ ఎత్తకముందే కార్తీకంలో పలుగూ పారా పట్టుకుని ఒక గుంత తవ్వండి. తెల్లారి టేపు పెట్టి నీటి మట్టం కొలిచి, టేపు కనబడేలా ఫోటో తీసి దాచండి. ఉదయగిరి వైపు ఎర్ర నేలలకు ఇంకుడు గుంతే చౌక, అదే చాలు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి అయితే గుంత నిండా నీళ్లు పోసి, అవి ఎన్ని గంటలకు తగ్గాయో చూడండి. మర్నాటికి కూడా నిలిచి ఉంటే ఆ ఆలోచన మానుకోండి.

రెండో పని, తెల్లవారుజామున కాలువ వెంట నడవడం. చేతిలో సుద్దముక్క ఉండాలి. వంటింటి నీళ్లు, స్నానాల నీళ్లు వచ్చే గొట్టాలు వేరు, సెప్టిక్ ట్యాంకు నుంచి వచ్చేవి వేరు. రెండో రకం కనబడ్డ చోటల్లా గోడ మీద గీత పెట్టాను. మొత్తం 31 లెక్క తేలాయి. అందులో ఒకటి మా ఇంటిదే! ముందు దాన్ని మూయించాకే వేరేవాళ్ల తలుపు కొట్టగలిగాను. ఈ పని వదిలేస్తే కట్టేదంతా దండగ. మరుగుదొడ్డి నీళ్లు కలిసిన మురుగుకు శుద్ధి పద్ధతే వేరు, ఖర్చూ వేరు, ఆ పూడిక తీసే మనిషి ఆరోగ్యం సంగతి చెప్పనక్కర్లేదు.

తర్వాత నీళ్లు కొలవండి. కాలువ చివర 15 లీటర్ల బకెట్టు పెట్టి, ఫోన్లో టైం చూడటమే. మా పెద్ద కాలువ దగ్గర ఉదయం ఏడింటికి అయిదు సెకన్లలో నిండింది, అంటే గంటకు 10,800 లీటర్ల ధార. మధ్యాహ్నం అదే బకెట్టుకు నలభై సెకన్లు పట్టింది. కాగితం మీద లెక్క ఇంకోలా ఉంటుంది. ఇంటింటికీ కుళాయి ఇచ్చే జల్ జీవన్ పథకం ప్రకారం మనిషికి రోజుకు 55 లీటర్లు, అందులో 65 నుంచి 70 శాతం మురుగుగా తిరిగొస్తుంది. 2,400 మందికి రోజుకు 86 నుంచి 92 వేల లీటర్లు. రెండు లెక్కలూ చేతిలో ఉంటే ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) గారు మీ మాట కూర్చుని వింటారు.

ఇక డబ్బు. 2020లో మొదలైన స్వచ్ఛ భారత్ గ్రామీణ్ రెండో దశ మార్గదర్శకాల్లో, 5,000 లోపు జనాభా ఊరికి మురుగునీటి పనులకు మనిషికి 280 రూపాయల దాకా ఉంది, ఆపైన ఊళ్లకు 660. మాకు 6,72,000 వచ్చింది లెక్కకు. అందులో 70 శాతం, అంటే 4,70,400, స్వచ్ఛ భారత్ నుంచి. మిగతా 2,01,600 పంచాయతీ తన ఆర్థిక సంఘం నిధుల్లోంచి పెట్టాలి. చాలా ఫైళ్లు ఆగేది ఈ రెండో ముక్క దగ్గరే. 15వ ఆర్థిక సంఘం 2021-26 నిధుల్లో 60 శాతం టైడ్ గ్రాంటు, అంటే చెప్పిన పనులకే ఖర్చు పెట్టాల్సిన డబ్బు, అందులో సగం తాగునీటికి, సగం పారిశుధ్యానికి. ఆ పారిశుధ్యం సగం అప్పటికే బ్లీచింగుకూ చెత్త బండికీ రాసేసి ఉంటే మీకు మిగిలేది సున్నా. అందుకని అక్టోబరు 2 గ్రామసభకు ముందే కార్యదర్శి దగ్గర కూర్చుని పద్దు చూడండి. రేట్లు, వాటాలు మారుతుంటాయి, ఆ ఏడాది ఉత్తర్వు కాపీ అడిగి తీసుకోండి. తీర్మానంలో “మురుగు సమస్య పరిష్కారానికి” అని గాలిమాట రాయించకండి. ఏ కాలువ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ సర్వే నంబరులో కట్టడం, ఏ పద్దు నుంచి ఎంత, అన్నీ మినిట్స్ పుస్తకంలో ఎక్కాలి. పని గ్రామ ప్రణాళికలో చేరి పంచాయతీల పద్దులుండే ఈ-గ్రామ్ స్వరాజ్ వెబ్‌సైటులో కనబడకపోతే బిల్లు దగ్గర చిక్కు వస్తుంది.

జాగా మాకు పాత బందెలదొడ్డిలో దొరికింది, 18 సెంట్లు. చెరువు పోరంబోకు, కాలువ పోరంబోకు జోలికి పోకండి, అవతలి శాఖ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. మా నేలకు ఇంకుడు పనికిరాదు కాబట్టి జల్లెడ, పూడిక తొట్టి, ఆ తర్వాత అడుగున నీరు దిగకుండా కట్టిన కంకర మడి, అందులో జమ్ము, మెట్టతామర మొక్కలు పెట్టాం, మురుగు వాటి వేళ్ల గుండా సాగి శుభ్రపడుతుంది. కరెంటు అవసరం లేదు. మోటారు పెట్టమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. బిల్లు ఎవరు కడతారని అడిగితే మాట మార్చారు.

ఎస్టిమేటులో పూడిక తొట్టిని జాగ్రత్తగా చూడండి. మాకు మొదట వచ్చిన బొమ్మలో దాని మీద కాంక్రీటు పలక, ఎత్తాలంటే నలుగురు కావాలి. ఎత్తరు కాబట్టి తీయరు, తీయరు కాబట్టి కంకర మూసుకుపోతుంది. రెండు పిడుల ఇనుప జాలీ పెట్టమని పట్టుబట్టాను. ఇప్పుడు పారిశుధ్య కార్మికుడు ఒక్కడే ఎత్తి, పొడుగు కర్ర పారతో పదిహేను రోజులకోసారి గట్టు మీద నిలబడే పూడిక తీస్తాడు. ఆ కూలి కూడా తీర్మానంలో ఏడాదికింత అని రాయించాం.

ఎం బుక్‌లో, అంటే బిల్లుకు ఆధారమయ్యే కొలతల పుస్తకంలో, కొలతలు ఎక్కించే రోజు మీరు అక్కడ ఉండండి. కంకర పొర రెండడుగులని రాసినచోట మా దగ్గర ఒకటింబావే ఉంది, గునపం దింపి చూపిస్తే ఆ రోజే ఇంకో ట్రాక్టరు కంకర వచ్చింది.

మిగతా రెండు కాలువలకు ఇంకా జాగా దొరకలేదు. రెండో దాని పక్కన వచ్చే కార్తీకానికి గుంత తవ్వుతాం, టేపు నా దగ్గరే ఉంది.