నాయన పద్యం అందుకునే ముందు

పేరున్న రంగస్థల గాయకుడి కొడుకో కూతురో పద్యనాటకంలో మొదటిసారి కిరీటం పెట్టుకున్న రాత్రి, అది నెల్లూరు జిల్లా జొన్నవాడ తిరునాళ్ల కావచ్చు, మాలకొండ దారిలో ఏదో పల్లె కావచ్చు, ముందు వరసలో ఒక పెద్దాయన తప్పకుండా ఉంటాడు. పద్యం సగంలో ఉండగానే పక్కాయన వైపు వంగి "వాళ్ల నాయన ఇట్టా ఎత్తుకునేవాడు కాదబ్బా" అంటాడు. ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. ఆ కొడుకో కూతురో మీరైతే, మీ చేతిలో ఉన్నదల్లా నాయన దగ్గర ఏది తీసుకోవాలో, ఏది వదలాలో ముందే తేల్చుకోవడం. పద్యపాఠం, విరుపులు, వేళకు రావడం తీసుకోండి. శ్రుతి, రాగం తీసే పొడవు, ఆయనకు పేరు తెచ్చిన పాత్ర, ఈ మూడూ కనీసం రెండేళ్లు పక్కన పెట్టండి.

ముందు శ్రుతి

వారసులు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. శ్రుతి అంటే పాటకు ఆధారమైన స్వరం; హార్మోనియం తెల్లమెట్లను ఒకటి, రెండు అని, మధ్య నల్లమెట్లను ఒకటిన్నర, రెండున్నర అని లెక్కిస్తారు. మైకులు లేని రోజుల్లో చివరి వరసకు వినబడాలని పెద్దలు హెచ్చు శ్రుతిలో పాడారు. నాయన నాలుగులో పాడాడని రెండు శ్రుతి గొంతున్న కొడుకు నాలుగులో ఎత్తుకుంటే మొదటి సీను గడుస్తుంది. తెల్లవారుజామున హరిశ్చంద్రలో శ్మశానం ఘట్టం, అంటే కాటిసీను వచ్చేసరికి తారస్థాయిలో గొంతు చీలిపోతుంది.

మీ శ్రుతిని పొద్దున చూడకండి, గొంతు అప్పుడు మందంగా ఉంటుంది. సాయంత్రం ఓ గంట మాట్లాడాక హార్మోనియం పెట్టె ముందు కూర్చోండి. ఒకటి శ్రుతితో మొదలుపెట్టి అర చొప్పున పెంచుతూ పోండి. ప్రతి శ్రుతిలోనూ కింద మంద్ర పంచమం (కింది స్థాయి ప) స్పష్టంగా పలకాలి, పైన తార గాంధారం (పై స్థాయి గ) మీద పది సెకన్లు మెడనరాలు బిగియకుండా నిలవాలి. ఈ రెండూ కుదిరిన అతి హెచ్చు శ్రుతి రాసుకోండి. వారం రోజులు అలా చూసి, వాటిలో తక్కువదాన్నే మీ నాటకం శ్రుతిగా ఖాయం చేయండి. గొంతు బాగున్న రోజు లెక్క రాత్రి మూడు గంటలకు పనికిరాదు.

ఆడపిల్లలు ఇంకొకటి చూసుకోవాలి. ఎదుటి పాత్రది మగ గొంతైతే హార్మోనిస్టు ఇద్దరి శ్రుతుల మధ్య తిరుగుతుండాలి. ఆయన ఒకటిలోనూ మీరు ఐదులోనూ పాడితే మీ షడ్జం (స) ఆయనకు పంచమం అవుతుంది, చెవికి దారి దొరుకుతుంది. ఆయనది ఒకటిన్నర అయ్యి మీరు ఐదులోనే ఉంటే ఆ దారి తెగిపోతుంది, ఎత్తుగడ (పద్యం మొదలు) తప్పే ప్రమాదం ఎక్కువ. అప్పుడు ఐదున్నరకు ఎక్కండి, లేదా నాలుగున్నరకు దిగండి.

క్యాసెట్లను నమ్మే పద్ధతి

ఇంట్లో నాయన క్యాసెట్లు ఉంటాయి. వాటిలో వినిపించేదే ఆయన శ్రుతి అనుకోకండి. బ్యాటరీ తగ్గిన టేపురికార్డరుతో రికార్డు చేసినది సరైన వేగంతో ఆడిస్తే గొంతు హెచ్చుగా వినబడుతుంది. బెల్టు సాగిన ప్లేయరులో అదే క్యాసెట్టు తగ్గి వినబడుతుంది. క్యాసెట్టులోని హార్మోనియం స్వరం మీ పెట్టెలో రెండు మెట్ల మధ్య పడితే వేగం మారిందని, లేదా ఆనాటి పెట్టెశ్రుతే వేరని అర్థం. తెల్లటి బూజు పట్టిన టేపును ఆడించొద్దు, అది ప్లేయరు హెడ్డుకు అంటుకుని తర్వాత పెట్టే మంచి క్యాసెట్టునూ పాడుచేస్తుంది. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి చుట్టి, వేవ్ ఫైలుగా దించుకోండి.

వినడం మూడు విడతలుగా. మొదట పాఠం కోసం, తర్వాత ఊపిరి ఎక్కడ తీసుకున్నాడో దానికోసం, చివరగా ఏ మాట మీద బరువు వేశాడో దానికోసం. ఆపైన రెండు నెలలు క్యాసెట్లు బీరువాలో పెట్టి తాళం వేయండి. వింటూ సాధన చేస్తే ఆయన ముక్కుజీర, దగ్గు దాచుకోవడానికి వేసిన గమకం కూడా మీకు అంటుకుంటాయి.

పద్యం చేత్తో రాయాలి

అచ్చుపుస్తకంలోంచి బట్టీ పట్టకండి. పద్యాన్ని చేత్తో రాసి, సంధులు విడదీసి, అర్థం తెలిశాక ఊపిరి గుర్తులు పెట్టండి. యతిస్థానం మంచి ఆనవాలు. శార్దూలంలో 13వ అక్షరం, మత్తేభంలో 14, ఉత్పలమాలలో 10, చంపకమాలలో 11. దానికి ముందు మాట పూర్తయితేనే అక్కడ ఆగండి. మాట యతిని దాటి పోతుంటే ఊపిరీ దాటాలి. "కురుసార్" దగ్గర ఊపిరి పీల్చి "వభౌమా" అని ముగిస్తే దుర్యోధనుడి పరువు అక్కడే పోతుంది. సీసం పొడవైనది కాబట్టి ప్రతి పాదాన్నీ రెండు ఊపిర్లుగా చేసుకుని, దాని చివర వచ్చే ఎత్తుగీతికి కొంత దమ్ము మిగుల్చుకోవాలి.

ఒత్తులూ శషసలూ వేరే సాధన. "దర్మరాజు", "బీముడు" అని పలికితే ఎంత రాగం తీసినా సరిపోదు. ఇంట్లో "వస్తుండా, పోతుండా" అనుకోవడం మన యాస, దాని అందం దానిదే. వేషం వేశాక మాత్రం అది వచనంలోకి జారకుండా రోజూ పావుగంట వచనం ఒక్కటే గట్టిగా చదవండి.

రాగం విషయంలో మొదటి ఏడాది ఒక పద్యానికి ఒకే రాగం. వరసగా మూడు పద్యాలు మోహనలో పడకుండా చూసుకోండి. పద్యం చివర రాగం 15, 20 సెకన్లు చాలు. నాయనకు వన్స్ మోర్లు పడ్డది నిమిషంసేపు రాగం తీసినందుకే అనుకుంటారు చాలామంది. ఆ నిమిషంపాటు ఎదుటి పాత్ర ఏం చేయాలో ఆయనకు తెలుసు. మీ ఎదుటి అర్జునుడు మాత్రం చేతులు నలుపుకుంటూ నిలబడతాడు.

ఏ పాత్రతో మొదలు

నాయన కృష్ణుడైతే మీరు పడకసీనులో, అంటే అర్జునుడు, దుర్యోధనుడు కృష్ణుణ్ని సాయం అడగడానికి వచ్చే సీనులో, అర్జునుడుగా దిగండి. పద్యాలు తక్కువ, పక్కనే అనుభవమున్న కృష్ణుడు ఉంటాడు, పోలిక రాదు. కురుక్షేత్రం నాటకంలో ఒకే రాత్రి ఇద్దరు ముగ్గురు కృష్ణులు ఉండే అలవాటు మీకు కలిసొస్తుంది. మూడో ఏడు పడకసీను కృష్ణుడు, ఆ తర్వాతే రాయబారం. హరిశ్చంద్రలోనూ అంతే, కాటిసీను చివర అడగాలి. నాయన పేరు చింతామణి మీద నిలబడి ఉంటే ఒక చిక్కుంది. 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ నాటక ప్రదర్శనను నిషేధించింది కాబట్టి ఆ నిషేధం ఇప్పుడు ఉందో లేదో, అనుమతి సంగతి తేలకుండా బయానా తీసుకోవద్దు.

కరపత్రంలో "ఫలానా వారి కుమారుడు" అన్న మాట మొదటి ఏడాది ఉండనివ్వండి, మీ పేరు కింద చిన్న అక్షరాల్లో. నాటకం కుదిర్చే కాంట్రాక్టరు మాత్రం దాన్నే పైన పెద్దదిగా వేయమంటాడు, టిక్కెట్టు లేని ఆటకు కూడా. ఒప్పుకుంటే జనం వచ్చేది ఆయన కోసం, తిరిగిపోయేది మీ మీద విసుక్కుంటూ. నాయన తీసుకున్న పారితోషికం కూడా అడగొద్దు.

నాటకం రోజు

నాయనకు వాయించిన హార్మోనిస్టే దొరికితే అదృష్టమే గానీ ఆయన వేళ్లు అలవాటుగా పాత శ్రుతికి పోతాయి. సీను, పద్యం మొదటి మాట, రాగం, శ్రుతి ఒక కాగితం మీద రాసి మధ్యాహ్నమే ఆయనకొకటి, తబలాకొకటి ఇవ్వండి. "మామా, నాది రెండే" అని నోటితో కూడా చెప్పండి. కీబోర్డు కూడా ఉంటే రెండూ ఒకే స్వరం నొక్కి వినండి. పాత పెట్టె రీడ్లు దిగి ఉంటే రెండూ కలవవు. కీబోర్డు ట్యూనింగును పెట్టెకు తగ్గట్టు దించమనండి, కుదరకపోతే ఒకటి ఆపేయమనండి.

భోజనం రంగు వేసుకోవడానికి ముందే ముగించాలి, ఎత్తుగడకు రెండు గంటల ఎడం ఉండాలి. పెరుగు, నూనె పదార్థాలు వద్దు, గోరువెచ్చని నీళ్లు చాలు. వైశాఖంలో జొన్నవాడ, పెంచలకోన తిరునాళ్లప్పుడు ఎండ, దుమ్ము రెండూ గొంతు మీదే పడతాయి, ఆ పగలు మాటలు తగ్గించండి.

కిరీటం ఇంకో శత్రువు. నాయన కిరీటం మీ తలకు వదులైతే దూది కుక్కి బిగిస్తారు, ఆ దూది చెవుల మీదికి జారితే శ్రుతి వినబడదు. దూది నుదుటి దగ్గర, వెనకవైపు మాత్రమే పెట్టించుకోండి. రంగు వేసుకునే ముందే కిరీటంతో ఒక పద్యం పాడి చూడండి. మైకు జానెడు దూరం, తారస్థాయికి పోయేటప్పుడు అర అడుగు వెనక్కి.

మరుసటి రోజు మధ్యాహ్నం వరకూ మౌనం. గుసగుసలు కూడా వద్దు, అవి కూడా గొంతును అలిపించగలవు. సాయంత్రం ఫోనులో రికార్డు చేసినది ఒకసారి విని, శ్రుతి జారిన పద్యం పక్కన గంట ఎంతో రాసుకోండి. నాలుగు ఆటలయ్యాక ఆ గంటలన్నీ రాత్రి రెండు దాటాకే ఉంటే మీ శ్రుతి ఇంకో అర తగ్గించండి.